విండోస్ 11 అప్‌డేట్ ఫెయిలైంది, ఇప్పుడు నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ కీ అడుగుతోంది. డేటా పోకుండా దారి ఉందా?

తెనాలి_వాసి

అందరికీ నమస్కారం. మా చెల్లి ల్యాప్‌టాప్ గురించి అడుగుతున్నా. కాస్త పెద్ద పోస్టే, కానీ ఏదైనా వదిలేస్తే మళ్లీ మీరే అడగాల్సి వస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ల్యాప్‌టాప్‌లో 11వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. కొన్నప్పుడే విండోస్ 11 హోమ్ వచ్చింది. ఇన్నాళ్లూ 23హెచ్2 మీదే నడుస్తోంది. ఆ వెర్షన్ హోమ్ వాళ్లకి 2025 నవంబర్ 11తో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, అందుకని 24హెచ్2కి వెళ్దామనుకున్నాం. విండోస్ అప్‌డేట్‌లో ఎంత వెతికినా 24హెచ్2 రావడమే లేదు. సరే అని మా బాబాయి కొడుకు ఐఎస్‌ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు) దించి అందులోంచి సెటప్ నడిపాడు. మొదట్లో బాగానే వెళ్తుంది, రీస్టార్ట్ అవుతుంది, ఆ తర్వాత ఎక్కడో నీలం స్క్రీన్ ఒక్క క్షణం మెరిసి, చేసిన మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం అని చెప్పి మళ్లీ పాత విండోస్‌లోకే వచ్చేస్తుంది. ఎర్రర్ 0ఎక్స్‌సీ1900101, పక్కన 0ఎక్స్40017 అని ఇచ్చింది.

ఇక ఇలా కాదు, పెన్ డ్రైవ్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేసేద్దాం, సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తే డీలో ఉన్నవి ఉంటాయి అని వాడు పెన్ డ్రైవ్ తయారు చేశాడు. దానితో బూట్ చేస్తే ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి అనే చోట లిస్టు మొత్తం ఖాళీ. డ్రైవ్ ఏదీ కనిపించట్లేదు, డ్రైవర్ లోడ్ చేయమంటోంది. వాడు ఏదో వీడియో చూసి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) వెళ్లి వీఎండీ అనేది ఆఫ్ చేశాడు, అదే వీడియోలో చెప్పారని సెక్యూర్ బూట్ కూడా ఆఫ్ చేశాడు. అప్పుడు డ్రైవ్ కనిపించింది కానీ పార్టిషన్లు నాలుగైదు ఉన్నాయి, ఏది సీ ఏది డీ అన్నది పేర్లతో లేదు. అక్కడ భయమేసి ఏమీ డిలీట్ చేయకుండా ఆపేశాం.

ఇప్పుడు మామూలుగా ఆన్ చేస్తే నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ రికవరీ కీ ఇవ్వండి అని వస్తోంది. 48 అంకెలట, బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని డేటాకి వేసే తాళమట. మేమెప్పుడూ బిట్‌లాకర్ అనేదే పెట్టుకోలేదు! చెల్లి ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోడ్, రిపోర్టు అన్నీ అందులోనే ఉన్నాయి, రివ్యూ దగ్గర పడింది, ఇంట్లో ఒకటే టెన్షన్. డీ డ్రైవ్‌లో ఇంటి ఫోటోలు కూడా ఉన్నాయి. దయచేసి ఎవరైనా దారి చెప్పండి.

---

స్పీడ్_గన్నవరం

బ్రో ఎందుకంత టెన్షన్, వీఎండీ ఆఫ్‌లో ఉంచి పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి అన్ని పార్టిషన్లు డిలీట్ కొట్టి ఫ్రెష్‌గా వేసెయ్. తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా పెట్టి ఫైల్స్ వెనక్కి లాక్కోవచ్చు. నేను హార్డ్ డిస్క్‌లో అలాగే లాగాను.

---

శ్రావణమేఘం

తెనాలి_వాసి గారూ, పై సలహా పాటించకండి. స్పీడ్ గారూ, మీరు చేసింది ఎన్‌క్రిప్ట్ కాని పాత హార్డ్ డిస్క్ మీద. ఇక్కడ డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, అంటే కీ లేకుండా చదవలేని రూపంలో ఉంది. పార్టిషన్ తీసేసి కొత్త విండోస్ వేశాక రికవరీ సాఫ్ట్‌వేర్‌కి దొరికేది అర్థం లేని గజిబిజి బైట్లే. పైగా ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్ అయ్యాక ట్రిమ్ (తీసేసిన డేటా చోటును ఖాళీ చేసే పని) పనిచేసిందంటే ఆ బైట్లు కూడా మిగలవు. అడిగిన మనిషి డేటా ముఖ్యం అంటున్నప్పుడు ఫార్మాట్ అన్న మాట మొదటి జవాబుగా రాకూడదు.

మీరు పార్టిషన్లు తీయకుండా ఆపేశారు కాబట్టి ఇప్పటివరకు ఒక్క ఫైలు కూడా పోలేదు, అది ముందు ఇంట్లో వాళ్లకి చెప్పండి. ఆ నీలం స్క్రీన్‌లో స్కిప్ దిస్ డ్రైవ్ నొక్కితే లోపల ట్రబుల్‌షూట్‌లో రీసెట్ దిస్ పీసీ అని ఉంటుంది, దాని జోలికి మాత్రం వెళ్లకండి.

మూడు విషయాలు చెప్పండి. బయోస్‌లో ఆ రెండూ కాక ఇంకేమైనా మార్చారా, ముఖ్యంగా టీపీఎం (ఎన్‌క్రిప్షన్ తాళం దాచే చిప్) క్లియర్ అనేది నొక్కారా? ల్యాప్‌టాప్ కొన్నప్పుడు మొదటిసారి ఆన్ చేసి సెటప్ చేసింది ఎవరు, ఏ మెయిల్‌తో? చెల్లి ఎప్పుడైనా కాలేజీ మెయిల్‌తో ఆ ల్యాప్‌టాప్‌లో సైన్ ఇన్ అయ్యారా?

---

రిపేర్_బల్ల

తమ్ముడూ, వరంగల్‌లో నాది ల్యాప్‌టాప్ సర్వీస్ షాపు, ఈ కేసు నా బల్ల మీదకి తరచూ వస్తుంది కాబట్టి వరసగా చెప్తాను, మధ్యలో తొందరపడొద్దు.

ముందు డ్రైవ్ ఎందుకు కనపడలేదో చెప్తా. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాపుల్లో ఎస్‌ఎస్‌డీ నేరుగా విండోస్‌కి కనిపించదు, మధ్యలో వీఎండీ అనే కంట్రోలర్ ఉంటుంది. దాంతో మాట్లాడాలంటే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ కావాలి. కంపెనీ వేసిచ్చిన విండోస్‌లో ఆ డ్రైవర్ ముందే ఉంటుంది, మనం పెన్ డ్రైవ్‌లో దించుకున్న ఇన్‌స్టాలర్‌లో ఉండదు, అందుకే లిస్టు ఖాళీగా వస్తుంది. ఎస్‌ఎస్‌డీ పోయిందని చెప్పి కొత్తది అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు, ఆ మాట ఎవరన్నా నమ్మకు. వీఎండీ ఆఫ్ చేస్తే డ్రైవ్ కనపడుతుంది, నిజమే, కానీ లోపలున్న పాత విండోస్ వీఎండీ ఆన్‌లో ఉన్నప్పుడు వేసింది. ఆఫ్‌లో ఉండగా దానికి తన డిస్కే దొరకదు. అంటే నువ్వు ఎక్కడి నుంచో 48 అంకెలు తెచ్చి కొట్టినా, కీ ఒప్పుకుని, వెంటనే ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని ఇంకో నీలం స్క్రీన్ వస్తుంది. జనం ఇక్కడే విండోస్ కరప్ట్ అయిందనుకుని ఫార్మాట్‌కి వెళ్లిపోతారు.

ఇక కీ ఎందుకు అడిగిందంటే, ఎన్‌క్రిప్షన్ తాళం టీపీఎం చిప్‌లో ఉంటుంది. ఆన్ చేసినప్పుడల్లా బూట్ ఎలా జరిగిందో కొలతలు తీసుకుని, అవి మొన్నటిలాగే ఉంటేనే ఆ చిప్ తాళం వదులుతుంది. నమ్మకమైన ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌ని ఆఫ్ చేయగానే ఆ కొలత మారిపోయింది. ఇది వేరే ఎవరో డిస్క్‌తో ఆడుతున్నారేమో అని అది ఆగి కీ అడుగుతోంది. దాని పని అది సరిగ్గానే చేస్తోంది.

మరి మార్చింది మళ్లీ యథాస్థానంలో పెడితే? చాలాసార్లు కీ అడగకుండానే లోపలికి వెళ్లిపోతుంది. కాబట్టి ఇలా చెయ్.

పెన్ డ్రైవ్ పీకెయ్. ఛార్జర్ పెట్టి ఉంచు. బయోస్‌లోకి వెళ్లు, చాలావాటిలో ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10. వీఎండీ మళ్లీ ఎనేబుల్ చెయ్. కొన్ని ఏసర్ మోడళ్లలో ఈ ఆప్షన్ దాచి ఉంటుంది, మెయిన్ ట్యాబ్‌లో ఉండి కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేనే బయటికి వస్తుంది. డెల్‌లో అయితే వీఎండీ అన్న పేరే ఉండకపోవచ్చు, స్టోరేజ్ కింద రెయిడ్ ఆన్, ఏహెచ్‌సీఐ అని రెండు ఉంటాయి, రెయిడ్ ఆన్ అన్నదే పాత స్థితి. తర్వాత సెక్యూర్ బూట్ ఎనేబుల్. బూట్ ఆర్డర్‌లో పెన్ డ్రైవ్‌ని పైకి తెచ్చి ఉంటే విండోస్ బూట్ మేనేజర్‌ని మళ్లీ మొదట పెట్టు. ఎఫ్10 కొట్టి సేవ్ చేసి బయటికి రా.

టీపీఎం క్లియర్, సెక్యూరిటీ చిప్ రీసెట్, ఇంటెల్ పీటీటీ (ఇంటెల్ వాటిలో టీపీఎం పని చేసేది) ఆఫ్, ఈ మూడింటి మీద చెయ్యి పడకూడదు. టీపీఎం ఒకసారి ఖాళీ అయిందంటే బయోస్‌లో ఏది వెనక్కి పెట్టినా లాభం లేదు, అప్పుడు 48 అంకెల కీ ఒక్కటే గతి.

---

స్పీడ్_గన్నవరం

ఓకే, ఎన్‌క్రిప్షన్ సంగతి నాకు తెలీదు. నా పోస్టు ఎవరూ ఫాలో అవ్వకండి.

---

తెనాలి_వాసి

అన్నా చాలా థ్యాంక్స్, మేడమ్ మీకు కూడా. తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగాను, టీపీఎం జోలికి వెళ్లలేదట, వీఎండీ, సెక్యూర్ బూట్, బూట్ ఆర్డర్ ఇవే మార్చాడట. ఆ కంట్రోల్ ఎస్ సంగతి కూడా వీడియోలో చూసే చేశాడట.

కొన్నప్పుడు షాపులోనే సీల్ తీసి, మేమే సెటప్ చేసి ఇస్తాం అని ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అదీ యాక్టివేట్ చేసి ఇచ్చారు. ఏ మెయిల్ పెట్టారో మాకు తెలియదు. ఇంటికొచ్చాక చెల్లి తన జీమెయిల్‌తో యూజర్ పెట్టుకుంది. కాలేజీ మెయిల్ అయితే టీమ్స్ కోసం ఒకసారి ఇచ్చినట్టు గుర్తంటోంది.

బయోస్ పని రాత్రికి ఇంటికెళ్లి చేస్తా. అది ఫలించకపోతే కీ ఎక్కడ వెతకాలో కూడా ఇప్పుడే చెప్పి పెడతారా? షాపుకి ఫోన్ చేస్తే కీ మా దగ్గర ఉండదు, తీసుకురండి అన్‌లాక్ చేసి ఇస్తాం అన్నారు.

---

శ్రావణమేఘం

అన్‌లాక్ చేసి ఇస్తాం అన్నారంటే డేటా ఉంచే ఇస్తారా అని సూటిగా అడగండి. కీ లేకుండా బిట్‌లాకర్‌ని తెరవడం సర్వీస్ సెంటర్ వల్ల కాదు, మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కి ఫోన్ చేసినా వాళ్లు కొత్త కీ పుట్టించలేరు. బయట అన్‌లాక్ అనేది చాలాచోట్ల ఫార్మాట్‌కి ఇంకో పేరు. డబ్బులు తీసుకుని ఖాళీ డిస్క్ చేతిలో పెడతారు.

మేమెప్పుడూ బిట్‌లాకర్ పెట్టుకోలేదు అన్నారు, నిజమే, మీరు పెట్టలేదు. హోమ్ ఎడిషన్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో మొదటిసారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో అడ్మిన్‌గా సైన్ ఇన్ అవగానే అది తనంతట తానే ఆన్ అయి, కీని ఆ అకౌంట్‌లోకి పంపేస్తుంది. ఎవరినీ ఏమీ అడగదు. 24హెచ్2తో దీనికి కావాల్సిన హార్డ్‌వేర్ షరతులు కూడా తగ్గించారు, కాబట్టి కొత్తగా ఇన్‌స్టాల్ చేసే పీసీల్లో ఇది ఇంకా ఎక్కువగా ఎదురవుతుంది. ఎన్‌క్రిప్షన్ మంచిదే, దొంగ చేతికి ల్యాప్‌టాప్ పోయినా ఫోటోలు వాడి కంటపడవు. కానీ కీ ఎవరి అకౌంట్‌లో పడిందో యజమానికే తెలియకపోవడం చాలా అన్యాయం, నాకు దీని మీదే కోపం.

వెతికే చోట్లు చెప్తాను. ఫోన్ బ్రౌజర్‌లో ఏకేఏ డాట్ ఎంఎస్ స్లాష్ మైరికవరీకీ అని కొడితే మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీ వస్తుంది. అక్కడ చెల్లి జీమెయిల్‌తో లాగిన్ అవ్వండి. ఆ జీమెయిల్ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ వేరు, గూగుల్ పాస్‌వర్డ్ వేరు, ఇక్కడ చాలామంది తికమకపడతారు. కీలు ఒకటి కంటే ఎక్కువ ఉండొచ్చు. నీలం స్క్రీన్ మీద కీ ఐడీ అని ఉంటుంది చూడండి, దాని మొదటి 8 అక్షరాలు పేజీలో ఉన్న ఐడీతో కలవాలి, కలిసిన దాని పక్కనున్న 48 అంకెలే మీకు కావాల్సినవి. అక్కడ లేకపోతే ఇంట్లో ఎవరి మెయిల్ అయినా ఎప్పుడైనా అందులో పెట్టి ఉంటే వాటిలో, తర్వాత కాలేజీ అకౌంట్‌లో డివైసెస్ కింద చూడండి. కాలేజీ అకౌంట్‌లో మీకు కనపడకపోతే వాళ్ల ఐటీ అడ్మిన్‌కి కనపడుతుంది.

ఇవేవీ కాకపోతే షాపు వాళ్ల మెయిలే. బిల్లు పట్టుకుని నేరుగా వెళ్లండి. కీ ఉందా అని అడిగితే లేదనే అంటారు, ఎందుకంటే వాళ్లకీ తెలియదు. మీరు సెటప్ చేసేటప్పుడు వాడే మెయిల్‌తో ఈ పేజీలో లాగిన్ అవ్వండి అని వాళ్ల ముందే పేజీ తెరిచి, కీ ఐడీ ఫోటో చూపించండి. 24హెచ్2 ఉన్నవాటిలో అయితే నీలం స్క్రీన్ మీదే ఏ అకౌంటో సగం మెయిల్ చూపిస్తుంది, మీది 23హెచ్2 కాబట్టి ఆ సూచన రాదు.

తప్పు కీ కొడితే ఏదో లాక్ అయిపోతుందన్న భయం వద్దు, తప్పని చెప్పి మళ్లీ అడుగుతుంది అంతే. నంబర్ కీలు పనిచేయకపోతే ఎఫ్1 నుంచి ఎఫ్10 వరకు వాడొచ్చు, ఎఫ్10 అంటే సున్నా.

---

తెనాలి_వాసి

తెరుచుకుంది!!

రిపేర్ అన్న చెప్పినట్టే వీఎండీ ఎనేబుల్, సెక్యూర్ బూట్ ఎనేబుల్, విండోస్ బూట్ మేనేజర్ పైకి, సేవ్. కంపెనీ లోగో కింద చుక్కలు తిరిగి నేరుగా లాగిన్ స్క్రీన్ వచ్చింది, కీ అడగనే లేదు. చెల్లి ఫైల్స్ అన్నీ ఉన్నాయి, ప్రాజెక్ట్ ఫోల్డర్ ముందు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేశాం. మా అమ్మ మీ అందరికీ చెప్పమంది.

కానీ శ్రావణమేఘం గారూ, మీరన్నదే నిజం. చెల్లి జీమెయిల్‌తో ఆ పేజీలో చూస్తే ఈ ల్యాప్‌టాప్‌కి కీలు ఏమీ లేవని చూపిస్తోంది. కాలేజీ దాంట్లోనూ లేదు. అంటే ఇప్పటికీ మా కీ ఇంకెవరి దగ్గరో ఉంది. దీన్ని ఎలా మార్చుకోవాలి? ఇంకోటి, అసలు మొదటి సమస్య అలాగే ఉంది, 24హెచ్2 ఎందుకు ఫెయిలవుతోంది? మళ్లీ ప్రయత్నించాలంటే భయంగా ఉంది.

---

నైట్‌షిఫ్ట్_ఎల్బీనగర్

థ్రెడ్ మొదటి నుంచి చదివాను. నేను ఆఫీసుల్లో విండోస్ డిప్లాయ్‌మెంట్ పని చేస్తాను, రెండింటికీ చెప్తా, ఈ వరసలోనే చేయండి.

ల్యాప్‌టాప్ తెరిచి ఉండగానే కీ తీసుకోవచ్చు, షాపు వాళ్లతో పని లేదు. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్. అందులో మేనేజ్ హైఫన్ బీడీఈ, స్పేస్, హైఫన్ ప్రొటెక్టర్స్, స్పేస్, హైఫన్ గెట్, స్పేస్, సీ కోలన్. ఎంటర్ కొడితే న్యూమరికల్ పాస్‌వర్డ్ అని దాని కింద ఐడీ, ఆ కింద ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు వస్తాయి. అదే కీ. ఫోటో తీసి ఊరుకోకుండా కాగితం మీద ఐడీతో సహా రాసి సర్టిఫికెట్లు పెట్టే ఫైల్లో పెట్టండి. సీ అయ్యాక డీ కోలన్‌తో కూడా అదే కమాండ్ కొట్టండి. డీ డ్రైవ్‌కి వేరే కీ ఉంటుంది, రోజూ సీ తెరుచుకోగానే డీ దానంతటదే తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ ఆ సంగతి తెలియదు. రేపు సీ ఫార్మాట్ చేయాల్సి వస్తే డీ ఆ కీ అడుగుతుంది, మీ తమ్ముడు అనుకున్నట్టు సీ ఒక్కటే ఫార్మాట్ చేసి ఉంటే ఫోటోలన్నీ డిస్క్‌లోనే ఉండి కూడా చేతికి అందేవి కావు.

తర్వాత చెల్లి యూజర్‌కి అడ్మిన్ హక్కు ఉందో లేదో చూసి, మొత్తం డేటా బయట ఒక కాపీ తీసుకుని, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. డిస్క్ మొత్తం విప్పడానికి టైమ్ పడుతుంది, ఛార్జర్ పెట్టి వదిలేయండి. పూర్తయ్యాక చెల్లి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉండగా మళ్లీ ఆన్ చేస్తే కొత్త కీ తయారై ఆమె అకౌంట్‌లోకి వెళ్తుంది. పాత కీతో ఇక పని ఉండదు. కాగితం మీద కొత్తది రాసుకోండి. కానీ ఈ మళ్లీ ఆన్ చేయడం మాత్రం అప్‌గ్రేడ్ అయ్యాక చేయండి, ఆఫ్ చేసి ఉంచి అప్‌గ్రేడ్ ముగించి తర్వాత ఆన్ చేస్తే ఒకే పనిలో పోతుంది.

ఇప్పుడు అసలు ఎర్రర్. సీ1900101తో మొదలయ్యేవి దాదాపు అన్నీ డ్రైవర్ గొడవలే. వెనకున్న 40017 అంటే రెండో రీస్టార్ట్ తర్వాత బూట్ అవుతూ పడిపోయింది అని. దీనికి ఎక్కువగా పట్టుబడేవి బయటి యాంటీవైరస్‌ల డ్రైవర్లు. కొన్నప్పుడు షాపులో ఫ్రీగా వేసిన ట్రయల్ ఏదైనా ఉంటే, గడువు అయిపోయినా సరే దాని డ్రైవర్ లోపల పనిచేస్తూనే ఉంటుంది, దాని కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్‌తో తీసేయండి. విండోస్ డిఫెండర్ చాలు.

కానీ మీ పోస్టులో నాకు ఇంకో మాట తగిలింది. విండోస్ అప్‌డేట్‌లో 24హెచ్2 రావడమే లేదు అన్నారు. అలా రాకపోతే చాలామంది అది ఆలస్యం అనుకుని ఐఎస్‌ఓ పట్టుకుంటారు. కానీ మీ మోడల్‌లో ఏదో తేడా ఉందని తెలిసి మైక్రోసాఫ్ట్ కావాలనే ఆపి ఉండొచ్చు, దాన్ని సేఫ్‌గార్డ్ హోల్డ్ అంటారు. 11వ తరం ఇంటెల్ వాటికి అలాంటిది ఒకటి అధికారికంగానే ఉంది. ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ అని ఆడియో డ్రైవర్, దాని వెర్షన్ 10.29.0.5152 గానీ 10.30.0.5152 గానీ అయితే 24హెచ్2లో నీలం స్క్రీన్ వస్తుంది. ఆ హోల్డ్ ఉన్నప్పుడు ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్‌తో, మీడియా టూల్‌తో బలవంతంగా ఎక్కించొద్దని కూడా వాళ్లే రాశారు.

చూడటం తేలిక. డివైస్ మేనేజర్ తెరవండి, సిస్టమ్ డివైసెస్ విప్పండి, ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ ఆడియో కంట్రోలర్ అని ఉంటుంది. సౌండ్ అనే విభాగంలో కాదు, సిస్టమ్ డివైసెస్‌లోనే చూడాలి. డబుల్ క్లిక్ చేసి డ్రైవర్ ట్యాబ్‌లో వెర్షన్ చదవండి. చివర 5152 ఉంటే దొరికినట్టే. 10.29.00.5714 లేదా 10.30.00.5714, లేదా ఆ తర్వాతిది కావాలి. ఇక్కడ ఒక మెలిక, 10.30 అనేది 10.29 కంటే కొత్తది కాబట్టి 10.30.0.5152 ఉంటే సరిపోతుంది అనుకోవద్దు, చివరి భాగమే ముఖ్యం. ముందు విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్లలో డ్రైవర్ల కింద వెతకండి, లేకపోతే మీ ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మోడల్ నంబర్ కొట్టి ఆడియో డ్రైవర్ తీసుకోండి.

ఏ డ్రైవర్ అని ఊహించాల్సిన పని కూడా లేదు, ఫెయిలైనప్పుడు సెటప్ తనే కారణం రాసి పెడుతుంది. సీ డ్రైవ్‌లో విండోస్, లాగ్స్, సెటప్‌డయాగ్ ఫోల్డర్‌లో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవండి.

---

తెనాలి_వాసి

10.29.0.5152! అచ్చం మీరు రాసిన అంకెలే, చూసి ఒళ్లు జలదరించింది అన్నా. యాంటీవైరస్ ట్రయల్ కూడా ఉంది, రెండూ చూశాం. కీలు రెండూ, సీదీ డీదీ, కాగితం మీద రాసి నాన్న బీరువాలో పెట్టారు. డ్రైవర్ కంపెనీ పేజీలో దొరికింది, వేసి రీస్టార్ట్ చేస్తే చివర 5714 చూపిస్తోంది. ఇప్పుడు మళ్లీ ఐఎస్‌ఓతో వెళ్లాలా, ఆగాలా?

---

నైట్‌షిఫ్ట్_ఎల్బీనగర్

ఆగండి. హోల్డ్ తీసేశారో లేదో మీ పీసీ మళ్లీ చూసుకోవడానికి రెండు రోజులు పట్టొచ్చు, విండోస్ అప్‌డేట్‌లో చెక్ ఫర్ అప్‌డేట్స్ అప్పుడప్పుడు నొక్కుతూ ఉండండి, దానంతటదే వస్తుంది. సీలో ఖాళీ ఎంతుందో కూడా చూసుకోండి, తక్కువుంటే 80070070 అని ఇంకో ఎర్రర్‌తో ఆగుతుంది. చెల్లి రివ్యూ అయ్యాకే మొదలుపెట్టండి, తొందరేం లేదు.

---

రిపేర్_బల్ల

ఇంకో ముక్క తమ్ముడూ, ఎప్పుడైనా నిజంగానే కొత్తగా వేయాల్సి వస్తే వీఎండీ ఆఫ్ చేయకు. ఇంటెల్ సైట్‌లో ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ దించు, పేరులోనే ఏ తరం నుంచి ఏ తరం వరకో రాసి ఉంటుంది, 11 ఉన్నది తీసుకో. సెటప్‌ఆర్‌ఎస్‌టీ అని ఒకే ఫైలు వస్తుంది, దాన్ని అలాగే పెన్ డ్రైవ్‌లో పడేస్తే ఇన్‌స్టాలర్‌కి అర్థం కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో దాని పేరు పక్కన హైఫన్ ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని, ఒక ఫోల్డర్ పేరు ఇస్తే లోపలి ఫైళ్లు విడిగా వస్తాయి, ఆ ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లో పెట్టుకో. డ్రైవ్ లిస్టు ఖాళీగా వచ్చినప్పుడు లోడ్ డ్రైవర్, బ్రౌజ్, వీఎండీ ఫోల్డర్. 11వ తరానికి పేరు చివర 9ఏ0బీ, బ్రాకెట్లో టీజీఎల్ అని ఉన్నది ఎంచుకుంటే ఎస్‌ఎస్‌డీ కనపడుతుంది.

---

కొత్త_పెన్‌డ్రైవ్

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది రైజెన్ 5 ల్యాప్‌టాప్. పెన్ డ్రైవ్‌తో విండోస్ 11 వేస్తుంటే మీ కంప్యూటర్‌కి కావాల్సిన మీడియా డ్రైవర్ లేదు అంటోంది. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ పెట్టి చూశాను, తీసుకోవట్లేదు. డేటా ఏమీ లేదు, ఫార్మాట్ అయినా పర్లేదు.

---

రిపేర్_బల్ల

రైజెన్‌లో వీఎండీ ఉండదు, అది ఇంటెల్‌ది. ఆ డ్రైవర్ తీసుకోకపోవడమే సరైంది. ఈ మెసేజ్ చూసి అందరూ ఎస్‌ఎస్‌డీ డ్రైవర్ కోసం వెతుకుతారు, కానీ ఎక్కువసార్లు ఇన్‌స్టాలర్ తన పెన్ డ్రైవ్‌నే తను చదవలేకపోతోందని దాని అర్థం. ముందు ఆ స్క్రీన్ మూసేసి, పెన్ డ్రైవ్ పీకి ఇంకో పోర్టులో పెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ నొక్కు, యూఎస్‌బీ 2 పోర్టు ఉంటే అందులో పెట్టు. అప్పటికీ అదే వస్తే పెన్ డ్రైవ్ మళ్లీ తయారు చెయ్, ఐఎస్‌ఓ ఫైళ్లని చేత్తో కాపీ చేయకుండా మీడియా క్రియేషన్ టూల్‌తో గానీ రూఫస్ అనే టూల్‌తో గానీ చెయ్. ఐఎస్‌ఓ ఎవరి దగ్గరో తీసుకున్నదైతే అది పూర్తిగా దిగిందో లేదో చూడాలి: సర్ట్‌యుటిల్, స్పేస్, హైఫన్ హ్యాష్‌ఫైల్, ఫైలు పేరు, స్పేస్, ఎస్‌హెచ్‌ఏ256. వచ్చిన పొడవాటి వరస మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో కలవాలి. కలవకపోతే ఆ ఐఎస్‌ఓ తీసేసి నేరుగా ఆ పేజీ నుంచే దించుకో, అప్పుడు కూడా ఇదే వస్తే పెన్ డ్రైవే మార్చి చూడు.